పాత కంప్యూటర్‌లో బ్రౌజర్, విండోస్ తిప్పలు: ఫార్మాట్ కొట్టించే ముందు వరసగా చూడాల్సినవి

"ఏ సైట్ కొట్టినా ఎర్ర గుర్తు వస్తోంది", "క్రోమ్ నొక్కితే అయిదు నిమిషాలు తిరుగుతోంది", "వైఫై కనెక్ట్ అయ్యింది గానీ పేజీ రావట్లేదు"... ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకేచోట, చేయాల్సిన వరసలో రాస్తున్నా.

ఇది 2010 నుంచి 2017 మధ్య కొన్న సిస్టమ్‌ల కోసం. అంటే విండోస్ 7, 8.1 లేదా 10, ర్యామ్ 2 నుంచి 4 జీబీ, లోపల ఎస్ఎస్‌డీ కాకుండా తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నవి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, బ్రౌజర్‌లో కనిపించే ప్రాబ్లమ్ చాలాసార్లు బ్రౌజర్‌ది కాదు, తేదీదో డిస్క్‌దో నెట్‌దో అయ్యుంటుంది, అది చూడకుండా క్రోమ్ తీసేసి మళ్ళీ వేసి, అదీ కుదరక ఫార్మాట్ కొట్టించి, రెండు వారాలకి మళ్ళీ అదే కథ. అందుకే ఈ వరస మార్చకండి.

## 1. ముందు డేటా బయటికి తీయండి

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఇది. పాత హార్డ్ డిస్క్ ఎప్పుడు పోతుందో చెప్పలేం, మనం రిపేర్ చేస్తుండగా కూడా పోవచ్చు.

- డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో కాపీ చేయండి
- షాపు లెక్కలు ఉంటే ట్యాలీ డేటా ఫోల్డర్ (బ్యాకప్ ఆప్షన్‌తో తీస్తే ఇంకా మంచిది)
- డీటీపీ పని చేసేవాళ్ళైతే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్ళు
- బ్రౌజర్‌లో బుక్‌మార్క్స్ ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్
- సేవ్ అయ్యి ఉన్న పాస్‌వర్డ్‌లు

పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైల్‌కి తాళం ఏమీ ఉండదు, ఎవరు ఓపెన్ చేసినా చదివేయొచ్చు. పని అయ్యాక పెన్‌డ్రైవ్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. అదే పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకి అస్సలు వెళ్ళకండి.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని ఇంగ్లీషులో కొట్టండి, మీది ఏ విండోసో వస్తుంది. 32 బిట్టా 64 బిట్టా అనేది కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లో ఉంటుంది. రెండూ కాగితం మీద రాసుకోండి, కింద అవసరం పడతాయి.

## 2. తేదీ, టైమ్ చూడండి

నవ్వొద్దు. "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని అన్ని సైట్లకీ వస్తుంటే మొదటి అనుమానం దీని మీదే. ప్రతి సైట్ సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది, మీ కంప్యూటర్ ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే దాని లెక్కలో ఏ సర్టిఫికెటూ చెల్లదు.

టైమ్ ఒక్కటే చూసి వదిలేయకండి, సంవత్సరం చూడండి, ఉదయమా సాయంత్రమా చూడండి, టైమ్ జోన్ యూటీసీ ప్లస్ 5:30 ఉందో లేదో చూడండి. ముందు చేత్తో సరిచేసి తర్వాత ఇంటర్నెట్ టైమ్ సింక్ నొక్కండి.

సరిచేశాక కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, కాసేపాగి ఆన్ చేస్తే మళ్ళీ పాత తేదీకి పోయిందా? ఐతే మదర్‌బోర్డ్ మీదున్న సిమోస్ బ్యాటరీ అయిపోయినట్టే. డెస్క్‌టాప్‌లో అది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ, వాచీల షాపులో కూడా దొరుకుతుంది.

మార్చే పద్ధతి:

1. బ్యాటరీ తీయకముందే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) వెళ్ళి శాటా మోడ్ (డిస్క్ కనెక్షన్ పద్ధతి) దగ్గర ఐడీఈ అని ఉందా ఏహెచ్‌సీఐ అని ఉందా ఫోన్‌తో ఫోటో తీసుకోండి.
2. కంప్యూటర్ ఆపి కరెంట్ వైరు పూర్తిగా పీకేయండి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి.
3. పక్కనున్న చిన్న క్లిప్ నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు పైకి.
4. ఆన్ చేసి బయోస్‌లో తేదీ పెట్టండి, శాటా మోడ్ ఫోటోలో ఉన్నట్టే ఉందో లేదో చూడండి.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. మోడ్ మారిపోతే విండోస్ లోడ్ అవుతూ బ్లూ స్క్రీన్ ఇస్తుంది, "బ్యాటరీ మారిస్తే విండోస్ పోయింది" అనుకుని ఫార్మాట్ చేయిస్తారు, కానీ అక్కడ పోయింది ఏమీ లేదు, సెట్టింగ్ వెనక్కి పెడితే చాలు.

ల్యాప్‌టాప్‌లో ఐతే ఈ బ్యాటరీ చిన్న వైరుతో లోపల ఉంటుంది, విప్పడం అలవాటు లేకపోతే షాపుకి ఇవ్వండి.

తేదీ కరెక్టుగానే ఉన్నా ఎర్రర్ వస్తుంటే, ఒక్క సైట్‌కే వస్తోందా చాలావాటికా చూడండి. ఒక్క సైట్‌కే ఐతే తప్పు ఆ సైట్‌దే కావచ్చు. చాలావాటికి వస్తుంటే, అదీ చాలాకాలం అప్‌డేట్ లేని విండోస్ 7లో ఐతే, విండోస్ దగ్గర ఉన్న నమ్మకమైన సర్టిఫికెట్ల లిస్ట్ పాతబడిపోయి ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్లు చాలా వెబ్‌సైట్లు వాడతాయి, దాని వెనకున్న పాత రూట్ సర్టిఫికెట్ 2021 సెప్టెంబర్ 30న ఎక్స్‌పైర్ అయ్యింది, ఆ రోజు నుంచి పాత సిస్టమ్‌లలో ఈ గోల మొదలైంది. దీనికి సులువైన దారి ఫైర్‌ఫాక్స్, అది తన లిస్ట్ తనే తెచ్చుకుంటుంది, విండోస్‌ని అడగదు.

బ్యాంక్ సైట్‌లో ఈ ఎర్రర్ వస్తే మాత్రం "పర్లేదు ముందుకెళ్ళు" లింక్ నొక్కొద్దు.

## 3. మీ విండోస్‌కి ఏ బ్రౌజర్ సరిపడుతుంది

సైట్ సగం ఓపెన్ అవ్వడం, బటన్లు పనిచేయకపోవడం, లాగిన్ పేజీ తెల్లగా ఉండిపోవడం, ఇవన్నీ ఎక్కువగా బ్రౌజర్ పాతదై వచ్చేవి.

- విండోస్ 7, 8.1: క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, 2023 ఫిబ్రవరిలో 110 వచ్చినప్పటి నుంచి వీటికి కొత్తది లేదు. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే రకం) వేసుకోండి, ఉన్నవాటిలో అదే నయం.
- విండోస్ 10: క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏదైనా. అప్‌డేట్ అవుతోందో లేదో ఎబౌట్ పేజీలో చూడండి.
- ఎక్స్‌పీ: నెట్ వదిలేయండి. టైపింగ్‌కి, పాత ప్రింటర్‌కి వాడుకోండి.

బ్రౌజర్‌ని దాని సొంత సైట్ నుంచే దించుకోండి. గూగుల్‌లో "ఓల్డ్ వెర్షన్ ఆఫ్‌లైన్ సెటప్" అని వెతికితే వచ్చే సైట్లలో సగం మీకు బ్రౌజర్‌తో పాటు ఇంకో నాలుగు చెత్త ప్రోగ్రాములు అంటగడతాయి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప పనిచేయని పాత ఆఫీసు పోర్టల్ ఏదైనా ఉంటే, ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ కిందకెళ్ళి ఐఈ మోడ్ అలో చేసి ఆ అడ్రస్ జత చేయండి. అలా జత చేసింది 30 రోజులకి లిస్ట్‌లోంచి పోతుంది, "నిన్నటిదాకా పనిచేసింది, ఈరోజు పోయింది" అంటే అదే, మళ్ళీ జత చేయడమే.

## 4. బ్రౌజర్‌లోనే తేడా ఉంటే

ముందు ఇన్‌కాగ్నిటో విండో (కంట్రోల్, షిఫ్ట్, ఎన్) తెరిచి అదే సైట్ చూడండి. అక్కడ బాగుండి మామూలు విండోలో బాలేకపోతే ఎక్స్‌టెన్షనో, పాత కుకీలో కారణం. అక్కడా అంతే ఐతే వేరే సంగతి, కింద 6, 7 చూడండి.

మూలన పాపప్‌లు. "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి", "యాంటీవైరస్ ఎక్స్‌పైర్ అయ్యింది" అని స్క్రీన్ కింద మూలన వస్తుంటాయి కదా, దాదాపు ఎప్పుడూ అది వైరస్ కాదు. సినిమాలు, క్రికెట్ లైవ్ చూపించే ఏదో సైట్‌లో "అలో నొక్కితేనే వీడియో వస్తుంది" అంటే నొక్కేసి ఉంటారు, అది ఆ సైట్‌కి నోటిఫికేషన్ పర్మిషన్. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి అలో లిస్ట్‌లో మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. అక్కడే కొత్త సైట్లు అసలు అడగకుండా ఆపే ఆప్షన్ కూడా ఉంది, ఇంట్లో పెద్దవాళ్ళు వాడే సిస్టమ్ ఐతే అది పెట్టేయడమే మంచిది.

ఫుల్ స్క్రీన్ బెదిరింపు. స్క్రీనంతా ఎర్రగా అయ్యి, సౌండ్ వస్తూ, "మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి ఫోన్ చేయండి" అని నంబర్ కనిపిస్తే చేయొద్దు, మైక్రోసాఫ్ట్ అలా నంబర్ వేసి చూపించదు. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేయండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అంటే వద్దనండి. ఆల్రెడీ ఫోన్ చేసి, వాళ్ళు ఎనీడెస్క్ లాంటిది వేయించి డబ్బు పోయుంటే, ముందు నెట్ వైరు పీకి 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఎక్స్‌టెన్షన్లు. అన్నీ ఆఫ్ చేసి ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి, ఎప్పుడు తేడా వస్తే అదే దొంగ. కూపన్లు, వీడియో డౌన్‌లోడర్లు, "సెర్చ్" అని పేరులో ఉన్నవి మొహమాటం లేకుండా తీసేయండి.

బరువు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో కనిపిస్తుంది. 4 జీబీ సిస్టమ్‌లో ఇరవై ట్యాబ్‌లు పెట్టి స్లో అంటే బ్రౌజర్ తప్పు కాదు. సెట్టింగ్స్‌లో మెమరీ సేవర్ ఉంటే ఆన్ చేయండి.

స్క్రీన్ నల్లగా, ముక్కలుగా. సెట్టింగ్స్, సిస్టమ్‌లో గ్రాఫిక్స్ లేదా హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేయండి. తేడా రాకపోతే మళ్ళీ ఆన్ చేసేయండి, ఊరికే ఆఫ్‌లో ఉంచితే వీడియో భారం అంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

యూట్యూబ్ ఆగి ఆగి. నెట్ స్పీడు బాగున్నా ఆగుతుంటే వీడియో ఫార్మాట్ కారణం. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 పంపిస్తుంది, 2016కి ముందు గ్రాఫిక్స్ చిప్‌లలో చాలావాటికి వీటిని సొంతంగా విప్పడం రాదు. హెచ్264ఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే పాత ఫార్మాటే అడుగుతుంది, లేదా 480కి దించి చూడండి.

ఇవన్నీ అయ్యాకే రీసెట్ సెట్టింగ్స్. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేస్తే పెద్దగా లాభం ఉండదు, పాత ప్రొఫైల్ ఫోల్డర్ అక్కడే ఉండిపోతుంది. దాని బదులు బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ తయారుచేసి చూడండి.

## 5. తెలుగు డబ్బాలుగా కనిపిస్తే

విండోస్ 7లో గౌతమి, వాణి, 8 నుంచి నిర్మలా యూఐ ఫాంట్లు విండోస్‌తోనే వస్తాయి. "ఫాంట్లు ఎక్కువైతే సిస్టమ్ స్లో" అని ఎవరో చెబితే తీసేసి ఉంటారు. ఇంకో సిస్టమ్ నుంచి తెచ్చుకోవడం కన్నా నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దించుకుని ఇన్‌స్టాల్ చేసి, బ్రౌజర్ మూసి తెరవండి.

పాత డాక్యుమెంట్ ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనిపిస్తే అది వేరు, అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్‌తో టైప్ చేసింది, ఆ ఫాంట్ ఉంటేనే చదవగలరు.

## 6. కంప్యూటర్ మొత్తం స్లో ఐతే

టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ కాలమ్ చూడండి. విండోస్ 7లో ఆ కాలమ్ ఉండదు, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో రిసోర్స్ మానిటర్ నొక్కాలి. ఏమీ చేయకుండానే డిస్క్ 100 శాతం దగ్గర ఉండిపోతుంటే ఇలా రండి.

1. డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో "గుడ్" అని ఉంటే సరే. "కాషన్" లేదా "బ్యాడ్" అని ఉంటే ఇక్కడే ఆగండి, మిగిలిన డేటా కాపీ చేసి డిస్క్ మార్చేయండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద గంటల తరబడి చెక్ డిస్క్ నడిపితే ఉన్నది కూడా పోతుంది.
2. ఖాళీ. సీ డ్రైవ్‌లో కనీసం 15 నుంచి 20 జీబీ ఖాళీ ఉండేలా చూడండి. డిస్క్ క్లీనప్‌లో "క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్" నొక్కితే పాత అప్‌డేట్ల చెత్త కూడా వస్తుంది. టిక్ పెట్టే ముందు లిస్ట్ చదవండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా అందులో ఉండొచ్చు.
3. స్టార్టప్. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో (7లో ఎంఎస్ కాన్ఫిగ్‌లో) యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్ వదిలేసి మిగతావి డిజేబుల్.
4. రెండు యాంటీవైరస్‌లు. ఉంటే ఒకటి తీసేయండి. రెండుంటే రెట్టింపు రక్షణ రాదు, ఒకదాన్ని ఒకటి అనుమానిస్తూ కూర్చుంటాయి.
5. సిస్టమ్ ఫైళ్ళు. కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఫోన్‌లో చెప్పినట్టు రాస్తున్నా, ఇంగ్లీషులో కొట్టండి: ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్, స్పేస్ లేకుండా స్కాన్‌నౌ, ఎంటర్. స్లాష్ అంటే ప్రశ్న గుర్తు ఉన్న కీ మీదిది, రెండోది కాదు. బాగు చేయలేకపోయానంటే విండోస్ 8.1, 10లో డీఐఎస్ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రిస్టోర్‌హెల్త్ కొట్టి, అయ్యాక మళ్ళీ మొదటిది నడపండి.

సిస్‌మెయిన్ సర్వీస్ (తరచూ వాడే ప్రోగ్రాములని ముందే మెమరీలోకి తెచ్చిపెట్టే విండోస్ భాగం) ఆపమని ఎక్కడ చూసినా రాస్తారు. ఆపి చూడండి, కొందరికి కాస్త తేలికవుతుంది, కానీ దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి.

అసలు మందు ఎస్ఎస్‌డీ. 2.5 అంగుళాల శాటా రకం తీసుకుంటే పాత ల్యాప్‌టాప్‌కీ డెస్క్‌టాప్‌కీ రెండిటికీ పనికొస్తుంది, ఇంట్లో మామూలు వాడకానికి 240 జీబీ చాలు. డబ్బు ఒక్కదానికే ఉంటే, ర్యామ్ 4 జీబీ ఉన్నవాళ్ళు ముందు ఎస్ఎస్‌డీకే పెట్టండి, 2 జీబీ ఉన్నవాళ్ళకి మాత్రం రెండూ కావాలి. ర్యామ్ కొనేటప్పుడు పాత చిప్ తీసి పట్టుకెళ్ళండి, పీసీ3 వేరు, పీసీ3ఎల్ వేరు. ఇంకోటి, 32 బిట్ విండోస్‌లో 8 జీబీ వేసినా 4 జీబీ లోపే వాడుకుంటుంది (మొదట కాగితం మీద రాసుకోమన్నది ఇందుకే).

రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు, "ఒక్క క్లిక్‌తో స్పీడ్" ప్రోగ్రాములు ఏవీ వద్దు.

## 7. వైఫై ఉంది, పేజీ రాదు

ఫోన్‌లో అదే వైఫైతో నెట్ వస్తోందా చూడండి. రాకపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు.

ఫోన్‌లో వచ్చి ఇక్కడ రాకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్, కనెక్షన్స్, లాన్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ టిక్ ఉంటే తీసేయండి, పాత వైరస్‌లు, కొన్ని వీపీఎన్‌లు దాన్ని వదిలేసి పోతాయి. తర్వాత అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీ కాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఫ్లష్ డీఎన్ఎస్. అది చాలకపోతే నెట్ ఎస్‌హెచ్, స్పేస్, విన్‌సాక్, స్పేస్, రీసెట్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఈ పేర్లన్నీ కలిపి ఒకే పదంగా కొట్టాలి, స్పేస్ అని రాసిన చోటే స్పేస్.

కొత్త ఫైబర్ పెట్టించుకున్నాక పాత ల్యాప్‌టాప్‌లో వైఫై పేరే కనపడట్లేదంటే, దానికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ పేరు దాని కంటికి ఆనదు. రౌటర్‌లో 2.4 ఆన్ చేసి వేరే పేరు పెట్టమని వచ్చినతన్ని అడగండి. పేరు కనిపించి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతుంటే సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2కి మార్చమనండి.

## 8. అసలు ఆన్ కాకపోతే

డెస్క్‌టాప్ బీప్ కొట్టి స్క్రీన్ రాకపోతే: ప్లగ్ పీకండి, ఏదైనా ఇనప వస్తువుని తాకి ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి, ర్యామ్ తీసి బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్ మని శబ్దం వచ్చేదాకా నొక్కి పెట్టండి. రెండు చిప్‌లుంటే ఒక్కోటి పెట్టి చూడండి.

విండోస్ సగంలో ఆగిపోతుంటే సేఫ్ మోడ్. విండోస్ 7లో ఆన్ అవుతుండగా ఎఫ్8. విండోస్ 10లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్, తర్వాత ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో బాగుంటే ఈ మధ్య వేసిన డ్రైవరో ప్రోగ్రామో కారణం, దాన్ని తీసేయండి లేదా సిస్టమ్ రిస్టోర్‌తో వెనక్కి వెళ్ళండి.

పది నిమిషాలు పనిచేసి దానంతటదే ఆగిపోతే వేడి. ఫ్యాన్ దుమ్ము దులిపించి థర్మల్ పేస్ట్ మార్పించండి, ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వాడకండి.

## 9. ఇక ఈ విండోస్‌తో ఎన్నాళ్ళు

విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14న, 8.1కి 2023 జనవరి 10న, 10కి 2025 అక్టోబర్ 14న అయిపోయింది. ఇంటి విండోస్ 10 వాళ్ళు 22హెచ్2 వెర్షన్‌లో ఉంటే, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌లో చేరి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చుకోవచ్చు, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ వస్తుంది.

విండోస్ 11 అధికారికంగా దాదాపు ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) నుంచే. పాతదాంట్లో అడ్డదారిన ఎక్కించేవాళ్ళున్నారు, నేనైతే 4 జీబీ సిస్టమ్‌కి అది సలహా ఇవ్వను.

నెట్, యూట్యూబ్, టైపింగ్ మాత్రమే ఐతే లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేసుకోండి, 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్‌గా నడిపి, వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయా చూసుకున్నాకే నిర్ణయం తీసుకోండి. ట్యాలీ, అను ఫాంట్లతో డీటీపీ, విండోస్ డ్రైవర్ కావాల్సిన పాత ప్రింటర్ ఉన్నవాళ్ళు మాత్రం తొందరపడొద్దు. విండోస్ 7లోనే ఉండిపోతే, బ్యాంకు పనులు దాంట్లో వద్దు, ఫోన్‌లో చేసుకోండి.

## 10. షాపుకి ఇవ్వాల్సి వస్తే

- పైన ఏమేం చేశారో కాగితం మీద రాసి ఇవ్వండి, లేకపోతే మొదటి మాటే ఫార్మాట్ అంటారు
- బ్రౌజర్‌లో అకౌంట్లు సైన్ అవుట్ చేయండి, సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు తీసేయండి
- ర్యామ్, డిస్క్ మీద సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి
- డిస్క్ మారిస్తే పాతది వెనక్కి తీసుకోండి, పాడైనా సరే, మీ ఫోటోలు, ఆధార్ కాపీలు దాంట్లోనే ఉంటాయి
- ఫార్మాట్ తప్పదంటే సీ డ్రైవ్ ఒక్కటే చేయమని, డీ, ఈ డ్రైవ్‌లు ముట్టుకోవద్దని రాసిచ్చిన కాగితంలోనే పైన పెద్ద అక్షరాలతో రాయండి